సూపర్‌కండక్టింగ్ సింగిల్ ఫోటాన్ డిటెక్టర్‌తో పోలరైజేషన్ కొలవడం: మొదటి నుంచి చివరి దాకా

ఈ ప్రశ్న చాలామంది అడుగుతూనే ఉన్నారు, "డిటెక్టర్ చల్లబడింది, కౌంట్లు వస్తున్నాయి, పోలరైజర్ తిప్పితే కౌంట్లు మారుతున్నాయి, కానీ లెక్క వేస్తే అర్థం లేని నంబర్లు వస్తున్నాయి ఏంటి" అని. అందుకే వరసగా రాస్తున్నా. ఉదాహరణకి 1550 నానోమీటర్ల లేజర్‌ని బాగా తగ్గించి, దాని పోలరైజేషన్‌ని (కాంతి ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఊగే తీరుని) ఒకే ఒక్క నానోవైర్ డిటెక్టర్‌తో కొలవడం తీసుకుందాం. ఎంటాంగిల్డ్ ఫోటాన్లైనా, క్వాంటమ్ డాట్ అయినా కొలిచే పక్కన చేసే పని ఇదే.

## 1. మొదలుపెట్టే ముందు ఒక్క విషయం

మీ డిటెక్టర్ కూడా సగం పోలరైజర్ (ఒక రకం పోలరైజేషన్‌నే దాటనిచ్చేది) లాంటిదే. లోపల సుమారు 100 నానోమీటర్ల వెడల్పు, పది నానోమీటర్ల లోపు మందం ఉన్న తీగ అటూ ఇటూ మెలికలు తిరిగి ఉంటుంది కదా, కాంతి తాలూకు ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఆ తీగ వెంబడి ఉంటే ఎక్కువ అబ్జార్బ్ అవుతుంది, అడ్డంగా ఉంటే తక్కువ. డిజైన్‌ని బట్టి ఈ తేడా కొద్దిగా ఉండొచ్చు, రెండు మూడు రెట్లు ఉండొచ్చు, అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. కంపెనీ షీట్ మీద రాసే ఎఫిషియెన్సీ మామూలుగా అన్నిటికంటే బాగా పనిచేసే పోలరైజేషన్‌కి సంబంధించిందే, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు డిటెక్టర్ ముందు పోలరైజర్ పెట్టి దాన్నే తిప్పారనుకోండి, ప్రతి కోణానికీ ఫైబర్‌లోకి వేరే పోలరైజేషన్ వెళ్తుంది, డిటెక్టర్ ఎఫిషియెన్సీ కూడా దాంతోపాటే మారిపోతుంది. కూరగాయ మారినప్పుడల్లా తక్కెడ కూడా మారిపోతే ఇక తూకం ఏముంటుంది. సగం మంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

కాబట్టి రూలు ఇదీ: పోలరైజర్ కదలకూడదు, దాని ముందున్న వేవ్‌ప్లేట్లు (కాంతి పోలరైజేషన్‌ని మార్చే పలకలు) మాత్రమే తిరగాలి. అప్పుడు పోలరైజర్ దాటి ఫైబర్‌లోకి వెళ్ళే పోలరైజేషన్ ఎప్పుడూ ఒకటే, కాబట్టి డిటెక్టర్ ఎఫిషియెన్సీ కూడా ఎప్పుడూ ఒకటే, అది లెక్కలో కొట్టేసుకుపోతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క ముక్కని నిలబెట్టడానికే.

## 2. కావాల్సినవి, పెట్టే వరస

కాంతి వెళ్ళే దారిలో వరసగా:

- లేజర్, దాని వెంటనే అటెన్యుయేటర్లు
- తెలిసిన స్టేట్ తయారు చేసుకోడానికి ఒక పోలరైజర్ (మొదటి పోలరైజర్ అందాం), ఒక హాఫ్, ఒక క్వార్టర్ వేవ్‌ప్లేట్
- కొలిచే పక్క మోటార్ మౌంట్ మీద క్వార్టర్ వేవ్‌ప్లేట్, దాని తర్వాత హాఫ్ వేవ్‌ప్లేట్
- కదలని పోలరైజర్
- సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి కప్లర్, ఆ ఫైబర్ మీద మూడు ప్యాడిల్స్ ఉన్న పోలరైజేషన్ కంట్రోలర్
- క్రయోస్టాట్ (డిటెక్టర్‌ని చల్లగా ఉంచేది), డిటెక్టర్, ఆంప్లిఫయర్, కౌంటర్ లేదా టైమ్ ట్యాగర్ (ప్రతి పల్స్ వచ్చిన సమయం రాసేది)

కదలని పోలరైజర్‌గా బీమ్‌స్ప్లిటర్ క్యూబ్ వాడితే సూటిగా దాటొచ్చే పోర్ట్‌నే వాడండి. అక్కడ కావాల్సిన పోలరైజేషన్‌కీ అక్కర్లేనిదానికీ నిష్పత్తి మామూలుగా 1000:1 దాకా వస్తుంది, పక్కకి రిఫ్లెక్ట్ అయ్యే పోర్ట్‌లో 20:1 నుంచి 100:1 మధ్యే ఉంటుంది. డబ్బులుంటే గ్లాన్ థాంప్సన్ పెట్టేయండి, 1,00,000:1 వస్తుంది, ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు. వేవ్‌ప్లేట్లు జీరో ఆర్డర్‌వే తీసుకోండి. మల్టీ ఆర్డర్‌వి చవకే గానీ గది వేడెక్కితే, లేజర్ వేవ్‌లెంగ్త్ కాస్త జరిగితే రిటార్డెన్స్ (ప్లేట్ వేసే ఫేజ్ తేడా) మారిపోతుంది, తర్వాత ఏడవాల్సింది మనమే.

అటెన్యుయేటర్లు స్టేట్ తయారీకి ముందే ఉండాలి. తర్వాత పెడితే అవి కూడా పోలరైజేషన్‌ని పాడుచేస్తాయి, ఫైబర్‌తో వచ్చే అటెన్యుయేటర్ అయితే ఇక చెప్పక్కర్లేదు. అలాగే స్టేట్ తయారీకీ కొలిచే వేవ్‌ప్లేట్లకీ మధ్య ఫైబర్ ముక్క ఏమైనా ఉంటే, మీరు కొలిచేది ఆ ఫైబర్ దాటాక వచ్చిన స్టేట్‌ని, మొదట తయారు చేసినదాన్ని కాదు.

## 3. డిటెక్టర్‌ని రెడీ చేయడం

చల్లబరచడం ఓపిక పని, రాత్రి ఆన్ చేసి పొద్దున చూసుకోవడమే సుఖం. నియోబియం నైట్రైడ్, నియోబియం టైటానియం నైట్రైడ్ రకాలకి 2.5 కెల్విన్ చుట్టుపక్కల సరిపోతుంది, టంగ్‌స్టన్ సిలిసైడ్ రకాలని మామూలుగా 1 కెల్విన్ కిందే వాడతారు. మన ఎండాకాలంలో కంప్రెసర్‌కి వెళ్ళే చిల్లర్ నీళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి, కంప్రెసర్ వేడికి ట్రిప్ అయితే రోజంతా పోయినట్టే.

తర్వాత బయాస్ (తీగలోంచి పంపే కరెంట్) స్కాన్. దీన్ని దాటేసి ముందుకి వెళ్ళొద్దు.

1. లేజర్ మూసేసి బయాస్ కరెంట్ సున్నా నుంచి మెల్లగా పెంచండి, తీగ సూపర్‌కండక్టింగ్ స్థితి వదిలేసే కరెంట్ ఎంతో రాసుకోండి. మామూలుగా పది, ఇరవై, ముప్పై మైక్రోఆంప్స్ ఇలా ఉంటుంది.
2. మళ్ళీ సున్నాకి తెచ్చి ఈసారి కొద్ది కాంతితో స్కాన్ చేయండి. కౌంట్లు మొదట పెరిగి ఒక చోట చదునుగా అయిపోవాలి.
3. కాంతి లేకుండా అదే స్కాన్ ఇంకోసారి. డార్క్ కౌంట్లు పై చివర్లో ఒక్కసారిగా లేస్తాయి.
4. కౌంట్లు చదునుగా ఉండి, డార్క్ కౌంట్లు ఇంకా లేవని చోటు పట్టుకోండి. చాలా డిటెక్టర్లకి అది పైన రాసుకున్న కరెంట్‌లో 90 శాతం దగ్గర్లో ఉంటుంది.

చదును భాగంలోనే ఎందుకంటే, క్రయోకూలర్ సెకనుకి ఒకసారో కాస్త ఎక్కువో కొట్టుకుంటుంది, దాంతోపాటు టెంపరేచర్ కూడా కొద్దిగా ఊగుతుంది. వాలు మీద కూర్చుంటే ఆ ఊగిసలాట నేరుగా కౌంట్లలోకి వచ్చేస్తుంది. ఇదే కారణానికి ఒక్కో కొలత 0.1 సెకను పెట్టొద్దు, కనీసం ఒకటి రెండు సెకన్లు పెట్టండి.

డిస్క్రిమినేటర్ లెవెల్‌ని (ఎంత ఎత్తు దాటితే పల్స్‌గా లెక్కపెట్టాలో ఆ హద్దుని) కూడా స్కాన్ చేయండి, పల్స్ ఎత్తులో సగం దగ్గర పెడితే మామూలుగా ఇబ్బంది ఉండదు. టైమ్ ట్యాగర్ ఉంటే వరస పల్సుల మధ్య సమయాల హిస్టోగ్రామ్ ఒకసారి గీసి చూడండి. డెడ్ టైమ్ (ఒక పల్స్ తర్వాత డిటెక్టర్ ఇంకో ఫోటాన్‌ని పట్టుకోలేని కాసేపు) తర్వాత నున్నగా దిగిపోతూ ఉండాలి, కొన్ని పదుల నానోసెకన్ల దగ్గర ఒక బుడిపె కనిపిస్తే కేబుల్లో రిఫ్లెక్షన్ వస్తోందన్నమాట, ఒకే ఫోటాన్‌ని రెండుసార్లు లెక్కపెడుతున్నారు.

## 4. కాంతిని తగ్గించడం

1550 దగ్గర ఒక ఫోటాన్ ఎనర్జీ 1.28 × 10⁻¹⁹ జౌల్స్. ఒక మిల్లీవాట్ అంటే సెకనుకి సుమారు 7.8 × 10¹⁵ ఫోటాన్లు. మనకి కావాల్సింది సెకనుకి ఒక లక్ష, అంటే దాదాపు 109 డీబీ తగ్గించాలి. ఒక్క అటెన్యుయేటర్‌తో అయ్యే పని కాదు, రెండు వరసగా పెట్టండి, మొదట పూర్తిగా మూసి ఉంచి మెల్లగా తెరవండి.

లక్షే ఎందుకు, పది లక్షలు ఎందుకు వద్దు అని అడుగుతారు. డెడ్ టైమ్ 50 నానోసెకన్లు అనుకోండి, సెకనుకి లక్ష దగ్గర పోయేది 0.5 శాతం, పది లక్షల దగ్గర 5 శాతం. పైగా ఈ నష్టం అన్ని కొలతలకీ సమానంగా ఉండదు, ఎక్కువ కౌంట్లు వచ్చే కొలతలో ఎక్కువ పోతాయి, తక్కువ వచ్చేదాంట్లో ఏమీ పోవు, దాంతో పోలరైజేషన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. దిద్దుకోవాలంటే: అసలు రేటు = చదివిన రేటు ÷ (1 − చదివిన రేటు × డెడ్ టైమ్). కానీ దిద్దుకోవడం కంటే రేటు తక్కువ పెట్టుకోవడమే మేలు.

కాంతి పొరపాటున ఎక్కువైతే డిటెక్టర్ ల్యాచ్ అవుతుంది (తీగ సూపర్‌కండక్టింగ్ స్థితికి తిరిగి రాకుండా ఇరుక్కుపోతుంది), కౌంట్లు ఒక్కసారిగా సున్నా అయిపోతాయి. కంగారేం లేదు, కాంతి మూసి బయాస్ సున్నాకి తెచ్చి మళ్ళీ పెంచండి.

బయటి కాంతి ఆపడానికి చెక్‌లిస్ట్:

- గది లైట్లు ఆపు, మానిటర్‌ని అటు తిప్పు
- కప్లర్ చుట్టూ నల్ల డబ్బా
- సన్న జాకెట్ ఫైబర్ మీద నల్ల గుడ్డ లేదా అల్యూమినియం ఫాయిల్, దాంట్లోంచి కాంతి బాగానే దూరుతుంది
- లేజర్ ఆన్‌లోనే ఉంచి షటర్ మూసి బ్యాక్‌గ్రౌండ్ కొలిచి రాసుకోవడం

ఇవన్నీ చేసినా కొన్ని కౌంట్లు ఉంటాయి. గది వేడికి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఫైబర్ గుండా లోపలికి వెళ్తుంది, దాన్ని గుడ్డలు ఆపలేవు, లోపల చల్లటి భాగంలో ఫైబర్‌ని చిన్న చుట్టలుగా చుట్టడమో ఫిల్టర్ పెట్టడమో చేయాలి. మన లెక్కకి మాత్రం అది స్థిరంగా ఉంటే చాలు, తీసేయొచ్చు.

## 5. వేవ్‌ప్లేట్ల సున్నా కనుక్కోవడం

ఈ పని డిటెక్టర్‌తో కాదు, మామూలు పవర్ మీటర్‌తో, తగ్గించని కాంతితో చేయండి. డిటెక్టర్ ఫైబర్ పీకేసి, క్యాప్ పెట్టేసి, అప్పుడే మొదలుపెట్టండి.

1. నాలుగు వేవ్‌ప్లేట్లూ తీసేయండి. కదలని పోలరైజర్‌ని హెచ్ (అడ్డ దిక్కు, హారిజాంటల్) అనుకుని, మొదటి పోలరైజర్‌ని దానికి 90 డిగ్రీలకి తిప్పండి, మీటర్ కనిష్ఠానికి రావాలి.
2. కొలిచే పక్క హాఫ్ వేవ్‌ప్లేట్ పెట్టి మళ్ళీ కనిష్ఠం వచ్చేదాకా తిప్పండి. అదే దాని సున్నా.
3. దాన్ని అలాగే ఉంచి క్వార్టర్ వేవ్‌ప్లేట్ పెట్టండి, మళ్ళీ కనిష్ఠం. అదే దాని సున్నా.
4. తయారీ పక్క వేవ్‌ప్లేట్లకి కూడా ఇలాగే. అయ్యాక మొదటి పోలరైజర్‌ని హెచ్‌కి తెచ్చేయండి.

కనిష్ఠం అడుగున చదునుగా ఉంటుంది కాబట్టి సరిగ్గా ఎక్కడో కంటికి తెలీదు. అటు 5 డిగ్రీలు, ఇటు 5 డిగ్రీలు తిప్పి కొలిచి, పాయింట్లకి పారాబోలా ఫిట్ చేసి మధ్య తీసుకోండి.

క్వార్టర్ ప్లేట్‌కి ఒక చిక్కుంది. ఈ పద్ధతిలో ఫాస్ట్ యాక్సిస్, స్లో యాక్సిస్ రెండు చోట్లా కనిష్ఠం వస్తుంది, తప్పుది పట్టుకుంటే ఆర్, ఎల్ (కుడి, ఎడమ చేతి వాటం సర్క్యులర్ పోలరైజేషన్లు) తారుమారైపోతాయి. మౌంట్ మీద ఫాస్ట్ యాక్సిస్ గుర్తు చూసి పెట్టుకోండి. కుడి చేతి వాటం అంటే కాంతి వస్తున్న వైపు చూసినప్పుడా, వెళ్తున్న వైపు చూసినప్పుడా అన్నది కూడా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసేయండి, పుస్తకాలు రెండు రకాలుగానూ ఉన్నాయి.

## 6. ప్యాడిల్స్ సెట్ చేయడం

ఇప్పుడు కాంతి తగ్గించి ఫైబర్ మళ్ళీ డిటెక్టర్‌కి పెట్టండి. కొలిచే వేవ్‌ప్లేట్లు సున్నా దగ్గర, లోపలికి హెచ్ స్టేట్. ప్యాడిల్స్ ఒక్కొక్కటీ తిప్పుతూ కౌంట్లు గరిష్ఠానికి తీసుకురండి, మళ్ళీ మొదటి ప్యాడిల్‌కి వచ్చి ఇంకో రెండు రౌండ్లు. కనిష్ఠం కూడా ఒకసారి చూసి రాసుకోండి, రెండూ భాగిస్తే మీ డిటెక్టర్ పోలరైజేషన్ మీద ఎంత ఆధారపడుతోందో తెలిసిపోతుంది. తర్వాత గరిష్ఠానికే వచ్చి ఆపేయండి.

"పోలరైజేషన్ ఎలాగూ మారదు కదా, గరిష్ఠమే ఎందుకు, ఎక్కడున్నా ఒకటే కదా" అనొచ్చు. ఫైబర్ నిద్రపోదు అండీ, ఏసీ గాలికి, టెంపరేచర్‌కి లోపల పోలరైజేషన్ మెల్లగా జారుతుంటుంది. ఎఫిషియెన్సీ గరిష్ఠం 80 శాతం, కనిష్ఠం 32 శాతం అనుకోండి. పోయిన్‌కేర్ గోళం (ప్రతి పోలరైజేషన్‌నీ ఒక చుక్కగా చూపించే ఊహా గోళం) మీద 10 డిగ్రీలు జారితే, గరిష్ఠం దగ్గర మీ కౌంట్లు అర శాతం కూడా మారవు. అదే రెంటికీ మధ్యలో, 56 శాతం దగ్గర ఉండి జారితే 7 శాతానికి పైగా మారిపోతాయి. శిఖరం మీద చదునుగా ఉంటుంది, వాలు మీద ఉండదు, అంతే సంగతి.

అయ్యాక ఫైబర్‌ని టేబుల్‌కి టేప్‌తో అంటించేయండి, కప్లర్ నుంచి క్రయోస్టాట్ దాకా ఎక్కడా వేలాడకూడదు. క్రయోస్టాట్ ఒకసారి వేడెక్కి మళ్ళీ చల్లబడితే ఈ స్టెప్ మొత్తం మళ్ళీ చేయాల్సిందే.

## 7. ఆరు కొలతలు

కాంతి ముందు క్వార్టర్, తర్వాత హాఫ్, తర్వాత హెచ్ పోలరైజర్ దాటుతుంది అన్న వరసకి కోణాలు ఇవీ (వి అంటే నిలువు, డి, ఏ అంటే రెండు వైపులా 45 డిగ్రీల వాలు):

- హెచ్: క్వార్టర్ 0°, హాఫ్ 0°
- వి: క్వార్టర్ 0°, హాఫ్ 45°
- డి: క్వార్టర్ 45°, హాఫ్ 22.5°
- ఏ: క్వార్టర్ 45°, హాఫ్ 67.5°
- ఆర్: క్వార్టర్ 0°, హాఫ్ 22.5°
- ఎల్: క్వార్టర్ 0°, హాఫ్ 67.5°

చివరి రెంటిలో ఏది ఆర్, ఏది ఎల్ అన్నది మీరు రాసుకున్న చేతి వాటాన్ని బట్టి తిరగబడొచ్చు.

హెచ్ మీద ఐదు నిమిషాలు కూర్చుని తర్వాత వి మీద ఐదు నిమిషాలు కూర్చోవద్దు, ఈలోపు లేజర్ పవర్ మారిపోతుంది. రెండేసి సెకన్ల చొప్పున హెచ్, వి, డి, ఏ, ఆర్, ఎల్ వెళ్ళి, వెంటనే వెనక్కి ఎల్, ఆర్, ఏ, డి, వి, హెచ్ రండి. ఇలా రానూ పోనూ చేస్తే ఒకే దిక్కుగా జారే డ్రిఫ్ట్ దానంతటదే పోతుంది. కావాల్సినన్ని కౌంట్లు వచ్చేదాకా ఈ రౌండ్లు తిప్పుతూ ఉండండి, మధ్య మధ్యలో షటర్ మూసి బ్యాక్‌గ్రౌండ్ కూడా.

## 8. లెక్క

బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక, పోలరైజేషన్‌ని చెప్పే మూడు నంబర్లు (స్టోక్స్ విలువలు), కాంతిలో ఎంత భాగం పోలరైజ్ అయిందో చెప్పే మోతాదు:

- ఎస్1 = (హెచ్ − వి) ÷ (హెచ్ + వి)
- ఎస్2 = (డి − ఏ) ÷ (డి + ఏ)
- ఎస్3 = (ఆర్ − ఎల్) ÷ (ఆర్ + ఎల్)
- పోలరైజేషన్ మోతాదు = ఈ మూడింటి వర్గాల మొత్తానికి వర్గమూలం

ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కోదానికి 150. హెచ్ 98,200, వి 2,050, డి 49,900, ఏ 50,600, ఆర్ 47,700, ఎల్ 52,500.

స్టోక్స్ విలువలకంటే ముందు జతల మొత్తాలు చూడండి. బ్యాక్‌గ్రౌండ్ పోగా హెచ్+వి 99,950, డి+ఏ 1,00,200, ఆర్+ఎల్ 99,900. ఈ మూడూ ఒకటే కావాలి, ఎందుకంటే వచ్చే కాంతి మొత్తం ఒకటే కదా. లక్ష కౌంట్లకి లెక్కింపు ఊగిసలాట వర్గమూలం, అంటే సుమారు 316, కాబట్టి ఇక్కడి తేడాలు మామూలే. ఇంతకంటే పెద్ద తేడా ఉంటే అక్కడే ఆగండి, ముందుకి వెళ్ళి లాభం లేదు.

ఇప్పుడు ఎస్1 = 0.962, ఎస్2 = −0.007, ఎస్3 = −0.048, పోలరైజేషన్ మోతాదు 0.963. లెక్కింపు వల్ల ఒక్కో ఎస్ విలువకి వచ్చే ఎర్రర్ సుమారుగా (1 − ఎస్²) ÷ జత మొత్తం, దానికి వర్గమూలం. సున్నా దగ్గర ఉన్న ఎస్2కి అది 0.003.

లేజర్ కాంతికి మోతాదు 1 దగ్గర రావాలి, 0.963 ఎందుకొచ్చింది? ప్లేట్ కోణం కొద్దిగా తప్పితే మూడు ఎస్ విలువలూ కలిసిన వెక్టర్ ప్రధానంగా పక్కకి తిరుగుతుంది, పొడుగు ఇంత తగ్గదు. ఎస్3 లోని −0.048 అలాంటిదే కావొచ్చు, క్వార్టర్ ప్లేట్ సున్నా ఒకసారి చూడాలి. పొడుగు తగ్గడానికి మాత్రం కారణం వేరు: 98,050ని 1,900తో భాగిస్తే 52 దగ్గర వస్తోంది. అంటే పోలరైజర్ 50:1 మాత్రమే ఇస్తోంది, అంటే ఎవరో క్యూబ్ పక్క పోర్ట్‌కి ఫైబర్ పెట్టారు. నంబర్లని ఇలా చదవడం అలవాటైతే సగం రిపేర్లు టేబుల్ దగ్గరకి వెళ్ళకుండానే అయిపోతాయి.

మోతాదు 1 దాటితే ఖంగారు పడకండి, ఎర్రర్ లోపల ఉంటే మామూలే. క్వాంటమ్ స్టేట్‌గా రాయాలంటే మాగ్జిమమ్ లైక్లీహుడ్ ఫిట్ (కొలతలకి బాగా సరిపోయే, సాధ్యమైన స్టేట్‌ని వెతికే పద్ధతి) వాడండి. ఎర్రర్‌ని మించి దాటితే మాత్రం ఫిట్ వేసి కప్పిపెట్టొద్దు, సెటప్‌లో తప్పుంది.

## 9. ఎక్కువగా వచ్చే గొడవలు

జతల మొత్తాలు కలవట్లేదు. మొదటి అనుమానం వేవ్‌ప్లేట్ తిరిగినప్పుడు బీమ్ జరగడం మీద. సింగిల్ మోడ్ ఫైబర్ కోర్ పది మైక్రాన్ల లోపే, ప్లేట్ కాస్త వంకరగా ఉన్నా కప్లింగ్ పడిపోతుంది. కదలని పోలరైజర్‌ని కాసేపు తీసేసి, ఫైబర్ కప్లర్ తర్వాత పవర్ మీటర్ పెట్టి, ప్లేట్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి పవర్ గీయండి. మీటర్‌కి పోలరైజేషన్ పట్టదు కాబట్టి గీత చదునుగా రావాలి, ఎగుడుదిగుడుగా ఉంటే ప్లేట్‌ని సరిచేయండి లేదా మార్చేయండి.

రౌండ్ రౌండ్‌కీ మొత్తాలు మారుతున్నాయి గానీ ఒక రౌండ్ లోపల కలుస్తున్నాయి. ఇది పవర్ డ్రిఫ్ట్. చాలాసార్లు లేజర్ బాగానే ఉంటుంది, లేజర్ నుంచి మొదటి పోలరైజర్ దాకా వచ్చే ఫైబర్‌లో పోలరైజేషన్ జారి పోలరైజర్ దగ్గర పవర్ మారుతుంది. అక్కడ పోలరైజేషన్ మెయింటెయినింగ్ ఫైబర్ వేయండి.

ఒకే సెట్టింగ్‌లో కౌంట్లు మెల్లగా అలల్లా ఊగుతున్నాయి. సన్నటి లైన్‌విడ్త్ లేజర్‌కి ప్లేట్ల రెండు ముఖాల మధ్య ఇంటర్‌ఫియరెన్స్ వస్తుంది. కోటింగ్ సరైన వేవ్‌లెంగ్త్‌దేనా చూడండి, ప్లేట్‌ని అతి కొద్దిగా వంచండి, ఎక్కువ వంచితే రిటార్డెన్స్ మారుతుంది.

కౌంట్లు ఉన్నట్టుండి సున్నా. ల్యాచ్. పైన చెప్పిందే.

బ్యాక్‌గ్రౌండ్ రోజుకోలా ఉంది. ఫైబర్ జాకెట్, ఎవరో లైట్ వేశారు, లేదా బయాస్ చదును దాటి పైకి వెళ్ళింది.

## 10. రెండు డిటెక్టర్లు ఉంటే

క్యూబ్ రెండు పోర్ట్‌లకీ చెరో డిటెక్టర్ పెడితే టైమ్ సగం అవుతుంది, పవర్ డ్రిఫ్ట్ గొడవ కూడా తగ్గుతుంది. కానీ రెంటి ఎఫిషియెన్సీలు వేరు, షీట్ మీద నంబర్లతో సరిచేయొద్దు, అవి మీ ఫైబర్‌తో, మీ ప్యాడిల్స్‌తో కొలిచినవి కావు.

బదులుగా ప్రతి కొలతనీ రెండుసార్లు చేయండి, రెండోసారి హాఫ్ ప్లేట్‌ని 45 డిగ్రీలు ఎక్కువ తిప్పి, అప్పుడు హెచ్, వి పోర్ట్‌లు మార్చుకుంటాయి. మొదటిసారి సూటి పోర్ట్‌లో వచ్చింది క, పక్క పోర్ట్‌లో వచ్చింది చ, రెండోసారి సూటి ట, పక్క త అనుకోండి. హెచ్, వి నిష్పత్తి = (క × త) ÷ (చ × ట), దానికి వర్గమూలం. రెండు ఎఫిషియెన్సీలూ, రెండు కొలతల మధ్య పవర్ తేడా కూడా ఇందులో పూర్తిగా కొట్టేసుకుపోతాయి. వాటినుంచే (క × ట) ÷ (చ × త) వర్గమూలం తీస్తే రెండు డిటెక్టర్ల ఎఫిషియెన్సీ నిష్పత్తి వస్తుంది, రెండు కొలతల మధ్య పవర్ మారినా సరే. దీన్ని ప్రతి రౌండ్‌కీ లాగ్ చేయండి, అది జారడం మొదలైతే ప్యాడిల్స్ దగ్గరకి వెళ్ళాల్సిన టైమ్ వచ్చిందన్నమాట. క్యూబ్ పక్క పోర్ట్‌లో లీక్ సంగతి మాత్రం ఈ లెక్క తీర్చదు, అక్కడ ఇంకో పోలరైజర్ అదనంగా పెట్టుకోవాల్సిందే.